చావబోయే చేప కావాలన్నారు

మా ఊరి మత్స్యకారుల సంఘానికి నేను సెక్రటరీని కావడానికి కారణం చాయ్. ఆ రోజు మీటింగులో కూర్చున్నవాళ్లకు చాయ్ ఇచ్చి రమ్మని అత్తమ్మ పంపింది. పోసి, తాగిన గ్లాసులు ఏరుకునేలోపల సెక్రటరీని అయిపోయాను.

సంఘం రిజిస్టరులో పేర్లు మూడు పేజీల నిండా ఉంటాయి. ఆ పేర్ల మనుషులు మాత్రం ఊళ్లో లేరు. వరుసగా రెండేళ్లు చెరువు ఎండినప్పుడు వలలు అటకెక్కించి మస్కట్, దుబాయ్, కువైట్ వెళ్లిపోయారు. కొందరు మహారాష్ట్రలోని భీవండిలో సాంచాల మీద పనికి వెళ్లారు. సాంచాలంటే మా సిరిసిల్ల వైపు మరమగ్గాలు. మీటింగుకు వచ్చింది ముగ్గురే. ఒకరు ప్రెసిడెంటు, అంటే మా మామగారి అన్న, నాకు పెద్దమామ. మిగతా ఇద్దరూ మోకాళ్లు పట్టేసి ఎక్కడికీ పోలేక ఉండిపోయిన ముసలివాళ్లు. చదువొచ్చిన సెక్రటరీ లేకపోతే ఈసారి చేపపిల్లలు ఇచ్చేది లేదని సిరిసిల్ల మత్స్యశాఖ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పాత సెక్రటరీ మస్కట్ వెళుతూ సంఘం రబ్బరు స్టాంపు కూడా పొరపాటున బ్యాగులో పెట్టుకుని పోయాడు.

"కోడలు పిల్ల ఇంటర్ సదివింది గదా. గామెనే రాస్తది," అన్నాడు పెద్దమామ.

"ఆడోళ్లు చెర్వుల దిగుడు మనకు లేదు గదనే," అన్నాడు ఒక ముసలాయన.

"చెర్వుల ఎందుకు దిగుతది? కాయిదం మీద దిగుతది."

అలా దిగాను. నేను రాసిన మొదటి తీర్మానం నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నట్టు. నాది కోరుట్ల. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. పెళ్లయ్యేదాకా చేపను పళ్లెంలో తప్ప చూడలేదు.

మా ఆయన కూడా దుబాయ్ వెళ్లినవాళ్లలో ఒకడు. కట్టడం పని అని తీసుకెళ్లారు. దిగాక కాగితాల్లో వృత్తి దగ్గర మత్స్యకారుడు అని ఉండటం చూసి ఎవరో ఆయన్ని ఒక పెద్ద మాల్‌కు పంపారు. ఆ మాల్ లోపల మా ఊరి బడికన్నా ఎత్తైన అద్దాల తొట్టి ఉందట. సముద్రం చేపలు అందులో తిరుగుతుంటే జనం టికెట్ కొని చూస్తారట. రబ్బరు బట్టలు తొడుక్కుని నీళ్లలో దిగి, లోపలి నుంచి అద్దాలకు పట్టిన పాచి గీకడం మా ఆయన పని. మొదటి వారం ఫోన్ చేసి, "ఇంట్ల ఉన్నప్పుడు నేను చేపలకు కాపలా. ఈడ నేను పని చేస్తాంటె చేపలు నాకు కాపలా ఉన్నయ్," అన్నాడు. అక్కడి నీళ్లను రోజూ పరీక్ష చేస్తారు. చేపలకు సొంత డాక్టరు ఉన్నాడు. ఒకసారి మా ఆయనకు ఒంటి నిండా దద్దుర్లు వస్తే వెంటనే సెలవిచ్చారు. ఎంత మంచివాళ్లో అనుకున్నాను. ఆ దద్దుర్లు చేపలకు అంటుకుంటాయని భయమట.

ఇక మా చెరువు సంగతి. చెరువులోకి నీళ్లు ఒక ఒర్రె, అంటే చిన్న వాగు, గుండా వస్తాయి. ఊరి చివర, ఒర్రె ఒడ్డున, నూలుకు రంగులద్దే చిన్న కార్ఖానా ఉండేది. నడిపేది మా ఆయనతో బడికి వెళ్లిన మనిషి. ఆయన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. సాంచాలు బంద్ పడ్డ రోజుల్లో భీవండి వెళ్లి, చాలా ఏళ్లు రంగుల బట్టీల దగ్గర పని చేసి, అక్కడా పని తగ్గిపోతే తిరిగొచ్చి, నేర్చుకున్న ఒక్క విద్యతో ఇక్కడ ఆ కార్ఖానా పెట్టుకున్నాడు. భార్యాభర్తలు, ఇద్దరు కూలీలు. అంతే.

ఆ ఏడు సిరిసిల్లకు చీరల పెద్ద ఆర్డరు వచ్చింది. పని లేక కుంగిపోయిన ఇళ్లలో సాంచాలు మళ్లీ చప్పుడు చేశాయి. అప్పటిదాకా అడపాదడపా నడిచిన మా అన్న కార్ఖానా కూడా పగలంతా నడిచేది. రంగు అద్దగా మిగిలిన నీళ్లు ఒర్రెలోకి, ఒర్రె నుంచి చెరువులోకి వచ్చేవి. బట్టలుతకడానికి వెళ్లిన ఆడవాళ్లు చెరువును చూసి ఆర్డరు సంగతి చెప్పేవాళ్లు.

"ఈ వారం నెమలికంఠం నడుస్తాంది."

"మల్ల మిరపపండు షురూ అయిందే."

ఒకామె తెల్ల తువ్వాలను చెరువులో రెండు రోజులు నానబెట్టి, లేత గులాబీ రంగు వచ్చిందనీ, ఎన్ని ఉతుకులు ఉతికినా పోవడం లేదనీ వాడకట్టంతా తిప్పి చూపించింది. తెల్ల ఎద్దును కడగడానికి తీసుకెళ్లినాయన దానికి మోకాళ్ల దాకా మేజోళ్లు తొడిగినట్టు చేసి తీసుకొచ్చాడు. అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. చెరువు రంగు మారితే నవ్వొచ్చింది కానీ భయం వేయలేదు, ఎందుకో.

ఎండాకాలం మొదట్లో చేపలకు జబ్బు చేసింది. పొద్దున్నే కట్ట మీదికి వెళితే బొచ్చెలు, రవ్వలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉండేవి. కొన్ని ఒక పక్కకు ఒరిగి, సొంత తోక కోసం వెతుక్కుంటున్నట్టు గుండ్రంగా తిరిగేవి. కొన్నింటికి పొలుసులు ఊడి ఎర్రటి పుండ్లు పడ్డాయి. వలకు చిక్కిన చిన్న చేపల్లో కొన్నింటి వెన్ను కొడవలిలా వంగి ఉంది. తరువాత చావడం మొదలైంది. చచ్చినవాటిని తట్టల్లో ఎత్తి పూడ్చిపెట్టడం మా అత్తమ్మకు, నాకు, ముసలివాళ్లకు పొద్దుటి పని అయింది.

పెద్దమామ పుట్టినప్పటి నుంచి చెరువు ఒడ్డునే ఉన్న మనిషి. ఆలోచించి కారణం కనిపెట్టాడు.

"దిష్టి. నిరుడు మన చేపలు లావుగైనయని పక్కూరోళ్ల కండ్లు పడ్డయ్."

తూము దగ్గర బూడిద గుమ్మడికాయ కట్టించాడు. ఆ వారం ఇంకా ఎక్కువ చచ్చాయి. అప్పుడు ఆయన ఇంకో సంగతి గమనించాడు. బొచ్చెలు, రవ్వలు చస్తున్నాయి కానీ కొర్రమట్టలు బాగానే తిరుగుతున్నాయి.

"అందరు సస్తాంటె ఇవొక్కటే ఎందుకు బతికినయ్? వీటిదే ఈ పని," అన్నాడు.

చెరువులోని కొర్రమట్టలు ఇతర చేపల మరణానికి కారణమని సభ్యులు అభిప్రాయపడినందున వాటిపై తగు చర్య తీసుకోవాలని తీర్మానించడమైనది అని నేను రిజిస్టరులో రాశాను. ముగ్గురూ సంతకాలు చేశారు. నిజం చెప్పాలంటే నాకూ వాటి మీద కొంచెం అనుమానం వచ్చింది.

అత్తమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. నలభై ఏళ్లు చేపలు కోసి అమ్మిన మనిషి. "నిరుటి సంది చెప్తాన్న. చేప కార్జం రంగు మారింది. ఎర్రగ ఉండేది పసుపుపచ్చగైంది. వానకాలం గుడ్లుండాల్సిన చేపకు కడుపుల గుడ్లు లేవు. నా మాట ఇన్నోడు లేడు," అంది. కార్జమంటే కాలేయం.

ఆ మాట విన్నాక నేను మా ఆయనకు వీడియో కాల్ చేశాను. అక్కడ ఆయన తిండి టైమ్. కట్ట మీద కూర్చుని, కొనఊపిరితో ఉన్న ఒక బొచ్చెను రెండు చేతులతో పట్టుకున్నాను. అత్తమ్మ ఫోన్ పట్టుకుంది.

"మొప్ప లేపి సూపెట్టు," అన్నాడు. లేపాను. "ఎర్రగున్నదా?"

"ఎర్రగ లేదు. తెల్లగ, జిగురు జిగురు. గంజి పూసినట్టున్నది."

ఆయన భుజం వెనక నుంచి కళ్లజోడు పెట్టుకున్న ఒక ముఖం ఫోన్‌లోకి వచ్చింది. అక్కడి చేపల డాక్టరు, ఈజిప్టు మనిషి. ఏదో అడిగాడు. మా ఆయన తనకొచ్చిన హిందీ, ఇంగ్లీషు కలిపి విని మాకు తెలుగులో చెప్పాడు.

"పేషెంటు వయసెంత అని అడుగుతాండు."

"ఏ పేషెంటు?"

"నీ చేతులున్నది."

నేను అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ పొలుసు మీద గోటితో గీకి చూసి, "ఏడాదిన్నర," అంది.

"తిండి మంచిగ తింటాందా?"

"అది సస్తాంది రా కొడుకా! తిండి ముచ్చటేంది?" అని అత్తమ్మ ఫోన్‌లోకి అరిచింది.

"నీళ్లు మార్చుమంటాండు. దినాం సగం తీసేసి సగం కొత్తయి పోయాల్నట."

"చెర్వుకా?"

అక్కడ కాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. "తొట్టి ఎంతుంటది అని అడుగుతాండు," అన్నాడు మా ఆయన.

నేను ఫోన్ తిప్పి కట్ట ఈ చివర నుంచి ఆ చివరి గుట్ట దాకా చూపించాను. ఆ వారం చిలకపచ్చ. డాక్టరు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నీళ్లల్ల ఆకుపచ్చ లైటు ఎందుకు పెట్టిండ్రు అంటాండు."

"లైటు కాదు, చీరలు," అన్నాను.

ఈ మాటను మా ఆయన హిందీలోకి మార్చలేకపోయాడు. చివరికి ఆ డాక్టరు ఒకటే చెప్పాడు. జబ్బు చేపను వేరే గదిలో, శుభ్రమైన నీళ్లలో ఉంచి చూడమన్నాడు. అది కోలుకుంటే జబ్బు చేపది కాదు, నీళ్లది.

మాకు ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో అత్తమ్మ పడుకుంటుంది. అందుకని వాకిట్లో సిమెంటు గోలెంలో బోరు నీళ్లు నింపి చేపను అందులో వదిలాం. పైనుంచి నీళ్లు పోస్తుంటే గాలి కలుస్తుందని మా ఆయన చెప్పాడని, అత్తమ్మ పీట వేసుకుని కూర్చుని చెంబుతో ముంచి ఎత్తు నుంచి పోస్తూనే ఉండేది. ఊళ్లోవాళ్లు పరామర్శకు వచ్చారు. ఒకామె రెండు అరటిపళ్లు కూడా తెచ్చింది, చేపకో అత్తమ్మకో నేను అడగలేదు. మూడో రోజు అది తిన్నగా ఈదింది. నాలుగో రోజు తవుడు తిన్నది.

సాక్ష్యం దొరికిందని నాకు ఎంత సంతోషమో. ఒక అర్జీ రాసి, చేపను బకెట్లో పెట్టుకుని, అత్తమ్మను వెంటేసుకుని సిరిసిల్ల బస్సెక్కాను. కండక్టరు బకెట్లోకి తొంగి చూశాడు.

"గిదేందమ్మా? బతికే ఉన్నదా?"

"బతికే ఉన్నది."

"ఆడోళ్లకు ఫ్రీ. మరి గిది ఆడిదా మొగదా?"

నేను నోరు తెరిచేలోపల అత్తమ్మ చేప పొట్ట నొక్కి చూసింది. "గుడ్లు లేవు గని ఆడిదే," అంది చాలా గంభీరంగా. కండక్టరు ముందుకెళ్లిపోయాడు. దిగేదాకా బస్సులో ఉన్నవాళ్లంతా ఆ బొచ్చెకు కాళ్లు తగలకుండా జరిగి కూర్చున్నారు.

ఆఫీసులో గుమస్తా అర్జీ చదివి, బకెట్ చూసి, మళ్లీ అర్జీ చదివాడు.

"అర్జీ సచ్చిన చేపల మీద ఉన్నది. మీరు మంచిగున్న చేపను తెచ్చిండ్రు."

"ఇది చావబోయి బతికింది సార్. నీళ్లు మార్చినంక బతికింది."

"దీన్ని పరీక్షకు పంపితె చేప ఆరోగ్యంగ ఉన్నదని రిపోర్టొస్తది. మీకే నష్టం. సచ్చినయేవి?"

"వాసనొస్తున్నయని బొంద పెట్టినం."

"కుళ్లినయి ఎట్లాగు పనికిరావు. బతికింది పనికిరాదు. చావబోయేది కావాలె." ఆయన మంచివాడే, మాకు అర్థమయ్యేలా చేతులతో చూపించాడు. "ఇట్ల, ఊపిరి ఉండి లేనట్టు. మా చేపల మేడం గురువారం పదకొండింటికి మీ ఊరికొస్తది. గప్పటికి ఉండేటట్టు సూడుండ్రి."

ఇంటికొచ్చే దారిలో ఆ బొచ్చెను మాకు తెలిసినవాళ్ల వ్యవసాయ బావిలో వదిలేశాం. వండుదామా అని నేను అడిగితే అత్తమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

గురువారం మేడం వచ్చింది. చేపల చదువు చదివిన, సన్నగా ఉన్న పెద్దామె. చేతిలో ఐసు పెట్టె. చెరువు ప్రశాంతంగా ఉంది. నీళ్లు దాదాపు నీళ్ల రంగులో ఉన్నాయి. ఒక్క చేపా పైకి రాలేదు. పదకొండు నుంచి రెండింటి దాకా నేను, మేడం, పెద్దమామ, ముసలివాళ్లు చావబోయే చేప కోసం కట్ట మీద కూర్చున్నాం. ఒకసారి ఏదో చేప ఎగిరిపడితే పెద్దమామ ఆశగా లేచి నిలబడ్డాడు. అది సరదాగా ఎగిరింది. మేడం కాసిన్ని నీళ్లు సీసాలో పట్టుకుని, అవసరమైతే మళ్లీ ఫోన్ చేయమని వెళ్లిపోయింది.

సాయంత్రం కార్ఖానా అన్న మా ఇంటికొచ్చాడు, ముఖమంతా నవ్వుతో.

"ఎట్లుండె చెల్లె? మేడమొస్తదని తెలిసి సోమవారం సంది పని బంద్ పెట్టిన. ఊరికి కొత్త మనుషులొస్తాంటె చెర్వు నీటుగ ఉండాలె గదా."

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఆయన దాచడానికి చేయలేదు. చుట్టాలొస్తే వాకిలి ఊడ్చినట్టు చేశాడు. తన నీళ్లే చేపలను చంపుతున్నాయని ఆయనకు అప్పటిదాకా ఎవరూ ముఖం మీద చెప్పలేదు. నేను చెప్పాను. ఆయన మా గడప మీద కూర్చుండిపోయాడు.

"రంగు పోతాందని తెలుసు. రంగే గదా అనుకున్న. రంగుకు ఎవలు సస్తరు?"

"ఉత్త రంగేనా అన్నా? అండ్ల ఇంకేమేం ఏస్తరు?"

వేళ్లు మడిచి చెప్పాడు. నూలు తెల్లబడటానికి బ్లీచింగు, కాస్టిక్ సోడా. రంగు పట్టడానికి ఉప్పు, సోడా. రంగు ఊడకుండా ఇంకో మందు, దాని పేరు డబ్బా మీద ఇంగ్లీషులో ఉంటుంది కానీ చదవరాదు. చెబుతూ చెబుతూ మడిచిన వేళ్ల వైపు చూసుకున్నాడు.

తరువాత నేను అడిగింది ఇప్పుడు తలుచుకుంటే నాకే వింతగా ఉంటుంది. మేడం మళ్లీ వచ్చే రోజుకు నీళ్లు ఎప్పటిలాగే వదలమని ఆయన్ని బతిమాలాను.

"అంటె చేపలను సంపుమంటున్నవా?"

"దినాం సంపుతనే ఉన్నవ్ గదన్నా."

"తెల్వక సంపిన. ఇప్పుడు తెలిసి ఎట్ల ఇడువాలె చెల్లె? నా చెయ్యి రాదు."

రెండు రోజులు ఆయన నీళ్లు వదల్లేదు. కార్ఖానా తొట్లు నిండి, నీళ్లు ఆయన ఇంటి వాకిట్లోకి పొర్లాయి. వాళ్లావిడ పరుపులు మంచం మీదికెత్తి, నూలు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడిందని లబలబలాడింది. మూడో రోజు ఆయనే ఫోన్ చేసి, "మేడంను పిలువు. ఇడుస్తాన్న," అన్నాడు. మనిషి పోయిన ఇంటి నుంచి మాట్లాడినట్టుంది.

ఈసారి మేడంకు కావలసినన్ని చావబోయే చేపలు దొరికాయి. కట్ట కింద బండ మీద ఆమె కోసి చూపించింది. చిన్న కత్తి తెచ్చుకుంది కానీ అది మొండిది, అత్తమ్మ తన కత్తిపీట ఇచ్చింది. ఆమె మాటలు నాకు అర్థమైనంతలో ఇవి. చేప ఊపిరి తీసేది మొప్పలతో. కాస్టిక్ నీళ్లు తగిలితే మొప్పలు మండుతాయి. మంట ఓర్చుకోవడానికి చేప జిగురు వదులుతుంది. ఆ జిగురే ఎక్కువై మొప్పలను కప్పేసి ఊపిరి ఆపుతుంది. రంగు నీళ్లలోకి ఎండ దిగదు, ఎండ లేక పాచి బతకదు, పాచి లేక నీళ్లలో గాలి తగ్గుతుంది. తెల్లవారుజామున ఆ గాలి ఇంకా తక్కువ, అందుకే పొద్దున్నే పైకొచ్చి నోళ్లు తెరిచేవి.

"మరి కొర్రమట్టలు?" అన్నాడు పెద్దమామ, నేరం రుజువయ్యే ఘడియ వచ్చినట్టు.

"అవి పైకొచ్చి మనలాగా బయటి గాలి పీలుస్తాయి తాతా. అందుకే ఇంకా ఉన్నాయి. అంతమాత్రాన బాగున్నాయని కాదు," అని ఆమె ఒక కొర్రమట్టను కోసింది. కార్జం పసుపుపచ్చగా, మచ్చలు మచ్చలుగా ఉంది.

"గిది నేను నిరుడే చెప్పిన," అంది అత్తమ్మ.

"ఎవరికి చెప్పారమ్మా?"

"కొనెటోళ్లకు."

మేడం ఆ మాటను కూడా తన పుస్తకంలో రాసుకుంది.

కార్ఖానా అన్న అంతా వెనక నిలబడి చూస్తున్నాడు. మేడం కళ్లు ఆయన చేతుల మీద పడ్డాయి. మోచేతుల దాకా నీలం. అరచేతులు నున్నగా, మెరుస్తూ, గీతలు లేకుండా ఉన్నాయి.

"చేతి తొడుగులు వేసుకోరా?"

"భీవండిల ఇచ్చిండ్రు మేడం, రెండు రోజులల్ల చినిగినయ్." ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "రేషన్ దుకాణంల మెషిన్ మీద ఏలు పెడ్తె నేను లేనంటది. మా ఆమె పెడ్తెనే బియ్యమిస్తరు." కాస్త ఆగి, కోసిన చేపల వైపు చూసి, "నన్ను గూడ కోసి సూస్తరా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన తమాషాకు అనలేదు.

ఆ వారంలోనే ఊరు కూర్చుని మాట్లాడుకుంది. కార్ఖానా మూయాలని కొందరు, మూస్తే ఆ రెండు మూడు కుటుంబాలు మళ్లీ భీవండి పోవాల్సొస్తుందని కొందరు. చివరికి మేడం చెప్పినట్టు కార్ఖానా వెనక వరుసగా గుంటలు తవ్వి, అడుగున తాటిపత్రి, అదే టార్పాలిన్, పరిచి, నీళ్లను వాటిలో నిలబెట్టి, మందు కలిపి మడ్డిని అడుగుకు దించి, దాన్ని వేరు చేయాలని ఒప్పందమైంది. తవ్వింది మా సంఘం వాళ్లూ, కార్ఖానా వాళ్లూ కలిసే. మోకాళ్ల ముసలివాళ్లు తవ్వలేక గుంట చుట్టూ ముగ్గుపిండితో గీతలు గీశారు. మూడు గుంటలు పూర్తయ్యాయి. నాలుగోది సగంలో ఉండగా చీరల ఆర్డరు అయిపోయింది. కొత్త ఆర్డరు రాలేదు. సాంచాలు ఆగిపోయాయి. శుభ్రం చేయడానికి గుంటలు సిద్ధమయ్యాయి కానీ శుభ్రం చేయాల్సిన నీళ్లు లేవు.

అన్న కూడా గల్ఫ్‌కే పోతానన్నాడు. కోరుట్లలో మా అమ్మ వాళ్ల వాడకట్టులో వీసా పనులు చూసే ఒక ముస్లిం పెద్దమనిషి ఉన్నాడు, నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. నేనే మాట్లాడి పెట్టాను. కాగితాలన్నీ అయ్యాయి. వేలిముద్రలకు జగిత్యాల రమ్మన్నారు. అన్నతో పాటు వాళ్లావిడ, తోడుగా నేను వెళ్లాం. ఆ పెద్దమనిషి కోరుట్ల నుంచి అక్కడికే వచ్చాడు. అద్దం మీద కుడి చెయ్యి పెట్టాడు. మెషిన్ ఊరుకుంది. ఎడమ చెయ్యి పెట్టాడు. తుడిచి, ఊది, సబ్బుతో కడిగి పెట్టాడు. ఒక్కొక్క వేలే పెట్టాడు. పది వేళ్లూ అయిపోయాయి.

"అరే భాయ్, ఏళ్లున్నయ్ గని నిషాన్ ఏడబోయింది?" అన్నాడు కోరుట్ల పెద్దమనిషి, ఆ వేళ్లను వెలుతురులో తిప్పి చూస్తూ.

"మా చెర్వుల పోయింది," అన్నాడు అన్న.

మూడు నెలలు ఏ మందులూ ముట్టకుండా, కొబ్బరినూనె రాస్తూ ఉంటే కొత్త చర్మం వస్తుందనీ, అప్పుడు మళ్లీ రమ్మనీ ఆ పెద్దమనిషి చెప్పాడు. బస్సులో వాళ్లావిడ ఆయన చేతులను తన కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పోలేకపోయాడని ఏడుస్తుందో, ఉండిపోతున్నాడని ఊరట పడుతుందో నాకు తెలియలేదు. బహుశా ఆమెకూ తెలియలేదు.

ఆ మూడు నెలలు ఆ మనిషి ఏ పనీ చేయకూడని కొత్త పెళ్లికొడుకులా తిరిగాడు. చేతులకు నూనె, చేతులు పైకి. అన్నం చెంచాతో. వేరే పని లేక రోజూ చెరువు కట్ట మీద కూర్చుని, ఎన్ని చేపలు పైకొచ్చాయో లెక్కపెట్టి నాకు చెప్పేవాడు. సంఘంలో సభ్యుడు కాకపోయినా, మా సభ్యులందరికన్నా ఎక్కువసేపు చెరువును చూసింది ఆయనే. వానలు పడ్డాయి. చెరువు నిండి అలుగు పారింది. నాలుగో నెలలో జగిత్యాల మెషిన్ ఆయన్ని గుర్తుపట్టింది. పది రోజుల్లో వెళ్లిపోయాడు. వెళ్లేముందు మా ఇంటికొచ్చి బొటనవేలు చూపించాడు. సన్నటి గీతలు, పసిపిల్ల వేలు మీద ఉన్నట్టు. నేను సంతోషపడాలనుకున్నాను. "పైలం అన్నా," అని మాత్రం అనగలిగాను.

అలుగు తగ్గాక మేడం మళ్లీ వచ్చి పరీక్షకు చేపలు పట్టించింది. పుండ్లు మానాయి. మొప్పలు ఎర్రబడ్డాయి. ఒక రవ్వ కడుపులో గుడ్లు కనిపించాయి. అత్తమ్మ ఆ గుడ్లను అరచేతిలో పెట్టుకుని కట్ట మీద ఉన్న అందరికీ చూపించి వచ్చింది. కానీ వెన్ను వంగినవి వంగినట్టే ఉన్నాయి. అవి ఇక తిన్నగా కావని, అడుగు బురదలో దిగిన మందులు ఇప్పట్లో పోవని, రిపోర్టు వచ్చేదాకా ఎవరూ ఈ చెరువు చేపను తినవద్దని, అమ్మవద్దని మేడం చెప్పింది. నేను దాన్ని తీర్మానంగా రాశాను. ప్రెసిడెంటు హోదాలో పెద్దమామ మొదటి సంతకం చేశాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన ఇంట్లోంచి చేపల పులుసు వాసన వచ్చింది. నేను పరుగెత్తుకెళ్లాను. పళ్లెం ముందు కూర్చుని ముళ్లు ఏరుతున్నాడు.

"మామా! ఇప్పుడే సంతకం పెట్టి వచ్చినవ్!"

"సంతకం ప్రెసిడెంటుది బిడ్డా. గిది నా ముసలి పానం. నేను గాక ఎవలు రుచి సూస్తరు?"

"ఎట్లున్నది మరి?"

నములుతూ ఆలోచించాడు. "మాంసం మంచిగనే ఉన్నది. ఎనుక జర సబ్బు వాసనొస్తాంది," అన్నాడు, పళ్లెం నా వైపు తోస్తూ. నేను ముట్టలేదు. ఆయన కూడా మిగిలింది తినలేదు. పళ్లెం పక్కకు జరిపి, చేతులు కడుక్కున్నాడు.

నేను మేడంకు ఫోన్ చేసి ఆయన అన్న మాట చెప్పాను. ఎంత తిన్నాడు, కడుపులో ఏమైనా తేడాగా ఉందా అని అడిగి, సబ్బు వాసన సంగతి కూడా రాసుకుంటానని అన్నది. ఆ ఏడు మేము చెరువులో వల వేయలేదు.